బాలింత జుట్టు ఏల రాలుతుంది?

బిడ్డ పుట్టిన మూడవ నెలలోనో నాల్గవ నెలలోనో తల్లి ఒకనాడు తల దువ్వుకొని దువ్వెన వంక చూచి ఉలిక్కిపడుతుంది. అంతవరకు దువ్వెనకు నాలుగైదు వెంట్రుకలు వచ్చేవి. ఇప్పుడు చిక్కు ఉండ చుడితే నిమ్మకాయంత అవుతున్నది. తలంటుకొన్ననాడు స్నానాల గది తూము మూసుకొనిపోతున్నది. జడ సగమైపోయినదని ఆమె దిగులు. ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెబుతారు. పథ్యం చాలలేదని ఒకరు, పథ్యం ఎక్కువైనదని ఒకరు, పుట్టింటినుండి వచ్చినందున నీరు మారినదని మరొకరు. బిడ్డ పాలతోబాటు తల్లి సత్తువ అంతా లాగివేస్తున్నదని ఇంకొకరు. ఈ చివరి మాట నమ్మి, చనుబాలు మాన్పించి డబ్బాపాలకు దిగే తల్లులు కూడ ఉన్నారు. జుట్టుతో మొదలైన భయం ఆ విధంగా బిడ్డ ఆహారం దాకా పోతున్నది. కనుకనే పైకి అల్పంగా కనిపించే ఈ సంగతిని కొంచెం శ్రద్ధగా తెలుసుకొనవలసి ఉన్నది.

కొరియా దేశంలో ఒక మాట ఉన్నది: బిడ్డ తల్లి ముఖాన్ని గుర్తుపట్టడం మొదలుపెడితే తల్లి జుట్టు రాలుతుందట. మన దక్షిణదేశంలో కూడ బిడ్డ నవ్వుకూ తల్లి జుట్టుకూ ముడిపెట్టే ముసలమ్మలు కలరు. ఇది నవ్వి త్రోసివేయదగిన మాట కాదు. పసిబిడ్డ మనుష్యులను చూచి నవ్వడం సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాల నడుమ మొదలవుతుంది. ఎదుటి ముఖాన్ని చూచి కేరింతలు కొట్టడం మూడవ నెల ముచ్చట. జుట్టు రాలడం కూడ సరిగా ఆ రోజులలోనే మొదలవుతుంది. ఆ ముసలమ్మలు కాలాన్ని చక్కగా గమనించినారు. కారణం దగ్గర మాత్రం పొరబడినారు. ఏలనంటే అసలు కారణం జుట్టు రాలిన నాటి చుట్టుప్రక్కల లేదు. అది మూడు నెలల వెనుక, ప్రసవం నాడు ఉన్నది. కారణానికీ ఫలితానికీ నడుమ ఇంత ఎడం ఉన్నందువల్లనే వైద్యశాస్త్రం కూడ ఇరవయ్యవ శతాబ్దం మధ్యభాగం వరకు దీనిని సరిగా పట్టుకొనలేకపోయింది. ఆ ఎడం ఎట్లు బయటపడినదో ఈ వ్యాసంలో చూతము.

ప్రాచీనులు ఈ విషయం గమనించకపోలేదు. అరిస్టాటిల్ పేరిట మనకు దక్కిన 'జంతువుల చరిత్ర' అను గ్రంథం ఏడవ భాగంలో గర్భిణుల ప్రస్తావన వచ్చినప్పుడు, వారికి పుట్టుకతో వచ్చిన వెంట్రుకలు తగ్గి రాలిపోతాయనీ, మామూలుగా వెంట్రుకలు లేని తావులలో క్రొత్తగా వస్తాయనీ వ్రాసి ఉన్నది. ఇందులో రెండవ సగం నిజమే. గర్భిణులలో కొందరికి ముఖంమీద, పొట్టమీద నూగు కనిపించడం నేటి వైద్యులు కూడ ఎరిగినదే. మొదటి సగం మాత్రం తలక్రిందులైంది. గర్భకాలంలో తలజుట్టు రాలడం తగ్గుతుంది. రాలేది ప్రసవించిన పిమ్మట. అంతటి పరిశీలకుల గ్రంథంలో కూడ తారీఖు తారుమారైనది.

మన సుశ్రుత సంహిత క్షుద్రరోగాల ప్రకరణంలో ఇంద్రలుప్తమనే వ్యాధిని వర్ణించింది. వాతంతో కూడిన పిత్తం రోమకూపాలను చేరి వెంట్రుకలను రాల్చుననీ, పిదప రక్తంతో కూడిన కఫం ఆ కూపాలను మూసివేయుటచే క్రొత్తవి మొలవవనీ అందులో ఉన్నది. వాత పిత్త కఫాల భాషను భౌతికశాస్త్రం చదివిన మనం ఈనాడు వాడకపోవచ్చు. అయినా ఇందులో ఒక మంచి విభజన ఉన్నది. వెంట్రుక ఊడడం ఒకటి, దాని కూపం మూతపడడం మరొకటి. ఈ రెండింటినీ వేరుచేసి చూడనిదే బాలింత జుట్టు సంగతి అర్థం కాదు. ఆమెకు జరిగేది మొదటిది మాత్రమే. కూపం చెక్కుచెదరక అక్కడనే ఉంటుంది.

ఆ కూపంలో ఏమి జరుగుతున్నదో తెలియడానికి ఒక ఎలుకపిల్ల కావలసివచ్చింది. 1926లో ఫ్రాన్సిస్ డ్రై అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చిట్టెలుక బొచ్చును గూర్చి ఒక దీర్ఘమైన వ్యాసం ప్రకటించినాడు. బొచ్చు నిరంతరం పెరిగేది కాదనీ, ప్రతి వెంట్రుకకు పెరిగే కాలం, ముడుచుకొనే కాలం, ఊరకుండే కాలం అని మూడు దశలున్నవనీ అతడు తేల్చి, వానికి గ్రీకు మాటలతో ఆనాజెన్, కేటాజెన్, టీలోజెన్ అని పేర్లు పెట్టినాడు. మనం వృద్ధి దశ, క్షయ దశ, విశ్రాంతి దశ అనుకొందము. నేటికీ ప్రపంచంలోని చర్మవైద్యులందరూ వాడుతున్న మాటలు ఎలుక బొచ్చుకోసం పుట్టినవే. డ్రై తరువాత న్యూజిలాండు వెళ్ళి, మాసే వ్యవసాయ కళాశాలలో గొఱ్ఱెల ఉన్నిమీద జీవితమంతా పనిచేసినాడు. తివాచీలకు పనికివచ్చే మోటు ఉన్ని ఇచ్చే డ్రైస్‌డేల్ అను గొఱ్ఱె జాతికి ఆ పేరు ఆయన మూలంగా వచ్చినదే. గొఱ్ఱెల శాస్త్రజ్ఞునకు బాలింతల కృతజ్ఞత చెందవలసి ఉన్నదంటే చమత్కారంగా తోచవచ్చు గాని, శాస్త్రంలో ఇట్టివి తరచు జరుగుతాయి.

ఎలుకకూ మనిషికీ ఒక ముఖ్యమైన భేదం కలదు. ఎలుక ఒంటిమీద బొచ్చు అలలుగా మారుతుంది. ఒక ప్రాంతంలోని వెంట్రుకలన్నీ ఇంచుమించు కలిసి పెరిగి, కలిసి ఆగిపోతాయి. మనిషి తలమీద ప్రతి రోమకూపానికీ దాని గడియారం దానిదే. పక్కపక్కన ఉన్న రెండు కుదుళ్ళలో ఒకటి మూడేండ్ల ఉత్సాహంతో పెరుగుతుండగా, రెండవది విశ్రాంతిలో ఉండవచ్చు. అందుచేతనే మనం కోడివలె ఈకలు విడువము; ప్రతిదినం కొద్దికొద్దిగా రాలుతూ, కొద్దికొద్దిగా మొలుస్తూ తల ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది.

ఈ సంగతి తరగతిలో లెక్కగా చెప్పవచ్చును. తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వృద్ధి దశ రెండు నుండి ఆరు సంవత్సరాలు, క్షయ దశ రెండు మూడు వారాలు, విశ్రాంతి దశ సుమారు 100 రోజులు. వెంట్రుక జీవితకాలం మొత్తం 1,000 రోజులని పెట్టుకొంటే, ఏ రోజున చూచినా నూటికి పది వెంట్రుకలు, అనగా 10,000 విశ్రాంతిలో ఉంటాయి. అవి నూరు రోజులలో రాలవలెను గనుక దినానికి 100 రాలుతాయి. జీవితకాలం 1,900 రోజులైతే దినానికి 53 మాత్రమే రాలుతాయి. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజమని పుస్తకాలలో వ్రాసేది ఈ లెక్కకు సరిపోతున్నది. పొడుగాటి జడ ఉన్నవారికి ఒక్కొక్క వెంట్రుకే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, అదే సంఖ్య మరింత భయంకరంగా కనిపిస్తుంది.

ఇక మనుష్యుల వెంట్రుకలలో ఏవి పెరుగుతున్నవో, ఏవి విశ్రాంతిలో ఉన్నవో చెప్పే పద్ధతి కావలసివచ్చింది. ఇచ్చట కథలోనికి ఒక తెలుగువాని పేరు వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలో అక్కడివారు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించినారు. తరువాత ఆ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే మందులను కూడ తయారుచేసినారు. వానిలో ఒకటి అమీథాప్టెరిన్. నేడు దానిని మెథోట్రెక్సేట్ అంటున్నారు. కేన్సరు రోగులకు ఈ మందు ఇచ్చినప్పుడు జుట్టు కుదుళ్ళలో ఏమి మార్పు వస్తున్నదో చూడదలచి, వాన్ స్కాట్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి రోగుల తలనుండి కొన్ని వెంట్రుకలను కుదుళ్ళతో సహా పెరికి సూక్ష్మదర్శినిలో పరీక్షించినాడు. 1957లో ఈ పని ప్రకటితమైంది. పెరుగుతున్న వెంట్రుక కుదురు మెత్తగా, తడిగా, రంగుతో, చుట్టూ తొడుగుతో ఉంటుంది. విశ్రాంతిలోని వెంట్రుక కుదురు తెల్లగా, ఎండి, గుండ్రంగా చిన్న గదవలె ఉంటుంది. పెరికిన వెంట్రుకలలో ఏవి ఎన్ని ఉన్నవో లెక్కించితే ఆ తలమీద ఏమి జరుగుతున్నదో చెప్పవచ్చునని స్థిరపడింది. మందుకోసం పుట్టిన ఈ పద్ధతి మూడేండ్లు గడవకముందే బాలింతలకు ఉపయోగపడింది. సుబ్బారావు బృందం సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం ఇనుముతో కలిపి ఈనాడు గర్భిణులందరికీ మాత్రలుగా ఇస్తున్నారన్న సంగతి కూడ ఇక్కడే చెప్పుకొనడం బాగుంటుంది.

1960లో యెల్వా లిన్‌ఫీల్డ్ అను అమెరికన్ చర్మవైద్యురాలు గర్భిణుల, బాలింతల తలలనుండి వెంట్రుకలు తీసి కుదుళ్ళను లెక్కించింది. గర్భం రెండవ సగంలో పెరిగే వెంట్రుకల పాలు నూటికి తొంభై దాటి ఉన్నది. ప్రసవించిన వారంలో కూడ ఇంచుమించు అట్లే ఉన్నది. కాని ఆరు వారాలకు చూడగా అది నాలుగింట మూడు వంతులకు దగ్గరగా పడిపోయింది. అనగా నూటికి ఇరవైకి పైగా వెంట్రుకలు గదవంటి కుదుళ్ళతో విశ్రాంతిలోనికి పోయినవి. గమనించండి, ఆరవ వారంలో తల్లికి ఇంకా ఏమీ తెలియదు. జడ నిండుగానే ఉన్నది. దువ్వెనకు ఏమీ రాలేదు. కాని కుదుళ్ళ లెక్క చూచినవారికి రాబోయే నెలలలో ఏమి జరుగనున్నదో ముందే తెలిసిపోతుంది. ఎంతో కాలంగా కనిపించని ఎడం మొదటిసారిగా అంకెలలో కనబడింది.

మన లెక్కను దీనికి అన్వయించి చూతము. నూటికి పది బదులు ఇరవైఅయిదు విశ్రాంతిలో ఉన్నవనుకొందము. లక్షలో 25,000. నూరు రోజులలో ఇవి రాలవలెను గనుక దినానికి 250. మామూలుకన్న 150 ఎక్కువ. మూడు నెలలపాటు ఇట్లే జరిగితే అదనంగా రాలినవి 13,500. లక్షలో ఏడింట ఒక వంతుకన్న కొంచెం తక్కువ. జడ సగమైనదని తల్లికి తోచినా, లెక్క సగం చూపడం లేదు. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే గాని ప్రతి స్త్రీకీ ఇదే వర్తించదు. కొందరికి రాలినట్లే తెలియదు, కొందరికి నుదుటి పైభాగంలో తల కనిపించేటంత పలుచబడుతుంది.

మరుసటి సంవత్సరం, 1961లో, ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అను వైద్యుడు దీనికి ఒక పేరు పెట్టినాడు: టీలోజెన్ ఎఫ్లూవియమ్. విశ్రాంతిలోని వెంట్రుకలు ప్రవాహంగా వెలువడుట అని అర్థం. ఆయన చేసిన మేలు పేరు పెట్టడం కాదు. తీవ్రమైన జ్వరం, ప్రసవం, శస్త్రచికిత్స, మనోవేదన వంటి భిన్నమైన కారణాలకు రోమకూపం ఒక్కటే విధంగా బదులు చెబుతుందని చూపడం. పెరుగుతున్న వెంట్రుక పని మానుకొని విశ్రాంతికి పోతుంది. రెండు మూడు నెలలకు రాలుతుంది. సన్నిపాత జ్వరం వచ్చి తేరుకొన్నవారి జుట్టు ఊడిపోవడం మన పెద్దలు బాగా ఎరిగినదే. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వచ్చి తగ్గిన ఎందరో, జ్వరం మరచిపోయిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుతున్నదని వైద్యులవద్దకు పోయినారు. అదీ ఇదే. పురుషులకు కూడ వచ్చింది గనుక, చనుబాలమీది అపవాదుకు అది కూడ ఒక జవాబే.

క్లిగ్‌మన్‌ను గూర్చి ఇంతటితో ఆపడం న్యాయం కాదు. అదే వైద్యుడు 1951 నుండి 1974 వరకు ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారంలో ఖైదీలమీద మందులు, రసాయనాలు ప్రయోగించినాడు. ఆ ఖైదీలలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు. వారికి జరుగుతున్నదేమో సరిగా చెప్పలేదు. 2021లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యవిభాగం అందుకు క్షమాపణ చెప్పింది. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు వచ్చినప్పుడు విద్యార్థులకు రెండూ చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

క్లిగ్‌మన్ వివరణలో ఒక లొసుగు మిగిలి ఉన్నది. జ్వరంలో వెంట్రుక ముందుగా పని మానుకొంటుంది, సరే. గర్భిణిలో అట్లు కాదు. అక్కడ ముందు జరిగేది పొడిగింపు. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హెడింగ్టన్ ఈ ప్రవాహాన్ని అయిదు విధాలుగా విభజించి, బాలింత జుట్టును 'ఆలస్యంగా విడుదలైన వృద్ధి దశ' అన్నాడు. గర్భకాలంలో పోవలసిన వెంట్రుకలు పోకుండా వృద్ధి దశలోనే నిలిచిపోతాయి. ప్రసవం కాగానే నిలిచినవన్నీ ఒక్కసారి కదులుతాయి.

ఉపాధ్యాయులకు ఇది చెప్పడానికి ఒక మంచి పోలిక కలదు. కార్యాలయంలో పదవీ విరమణ వయస్సు పెంచితే కొంతకాలం ఎవరూ ఇంటికి పోరు. ఆఫీసు కిటకిటలాడుతూ ఉంటుంది. అదే గర్భిణి నిండు జడ. ఒకనాడు ఆ వయస్సు తగ్గిస్తూ ఉత్తరువు వస్తే గడువు మీరినవారంతా ఒకేసారి లేచిపోవలెను. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు వేలమంది ఒక్కుమ్మడిగా ఉద్యోగాలు విడువవలసివచ్చిన సంగతి పాత తరం వారు చెప్పగా మీరు విని ఉందురు. జుట్టు విషయంలో ఒక్క భేదమే: ఉత్తరువు ప్రసవం నాడు వెలువడుతుంది, వెంట్రుకకు మూడు నెలల నోటీసు ఉంటుంది. ఆ నోటీసు మాట ఎరుగని వారు, వెళ్ళిపోయిననాటి సంఘటనలలో కారణం వెదుకుతారు.

ఆ ఉత్తరువు ఇచ్చేది ఎవరు? చాలామంది చూపేది ఈస్ట్రోజెన్ అను హార్మోనును. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్వర్డ్ డాయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ వేర్వేరుగా గర్భిణుల మూత్రంనుండి ఈ జాతి హార్మోనును స్ఫటికాలుగా వేరుచేసినారు. గర్భిణుల మూత్రాన్నే ఎన్నుకొనడానికి కారణం, అందులో అది సమృద్ధిగా ఉండడమే. నెలలు నిండేకొలది మాయ దీనిని విరివిగా తయారుచేస్తుంది. బిడ్డతోబాటు మాయ కూడ బయటికి వచ్చినప్పుడు కొద్ది దినాలలోనే రక్తంలో దాని పరిమాణం క్రిందికి పడిపోతుంది. పొడిగింపూ, దాని రద్దూ దీనివల్లనే అని చెప్పడం సులభం. కాలాలు చక్కగా సరిపోతున్నవి.

అయితే కాలాలు సరిపోవడం చాలదని మనం ఇంతకుముందే బిడ్డ నవ్వు విషయంలో చూచినాము. 1996లో నార్త్ కెరొలైనాలో ఓ, స్మార్ట్ అను ఇద్దరు పరిశోధకులు చిట్టెలుకల చర్మానికి ఈస్ట్రోజెన్ పూసి చూడగా, వాని రోమకూపాలు విశ్రాంతి దశలోనే ఆగిపోయినవి. ఈస్ట్రోజెన్ పనికి అడ్డుపడే మందు పూస్తే బొచ్చు పెరగసాగింది. స్త్రీలలో ఊహించినదానికి ఇది సరిగా వ్యతిరేకం! దశలకు పేర్లిచ్చిన ఎలుకే హార్మోను దగ్గర అడ్డం తిరిగింది. గర్భకాలంలో మారేది ఒక్క ఈస్ట్రోజెన్ కాదు. ప్రొజెస్టెరోన్, ప్రోలాక్టిన్, థైరాయిడు హార్మోనులు కూడ మారుతాయి. ఏది ఎంత పని చేస్తున్నదో విడదీయడం ఇంకా పూర్తికాలేదు. 2016లో స్పెయిన్ దేశపు వైద్యులు మిరాల్యాస్, గ్రిమాల్ట్ పాత పరిశోధనలన్నీ తిరిగి చూచి, అవి తక్కువమంది స్త్రీలమీద జరిగినవనీ, బాలింతలందరి జుట్టూ ఇట్లే రాలుతుందని రుజువైన సత్యంగా చెప్పడం తొందరపాటనీ ఒక వ్యాసం వ్రాసినారు. వారి హెచ్చరిక సమంజసమే. దశల మార్పు పలువురిలో కుదుళ్ళను లెక్కించి కన్నది. ఎందరికి, ఎంత అన్నది మాత్రం ఇంకా తగినంత లెక్కించలేదు.

చనుబాల సంగతికి వత్తము. పాలు ఇవ్వని తల్లులకు కూడ జుట్టు రాలుతుంది. పాలు మాన్పినంత మాత్రాన, అప్పటికే విశ్రాంతిలోనికి పోయిన వెంట్రుక తిరిగి పెరగదు. అది రాలి తీరవలసినదే. జపానులో 2023లో ప్రశ్నావళి మీద ఆధారపడిన ఒక పరిశీలన, ఎక్కువ కాలం పాలిచ్చినవారిలో జుట్టు రాలినదని చెప్పినవారు ఎక్కువని పేర్కొన్నది. ప్రశ్నావళి సంబంధం చూపగలదు గాని కారణం చూపలేదు. ఒకవేళ ప్రోలాక్టిన్‌కు ఇందులో కొంత పాత్ర ఉన్నదని రేపు తేలినా, బిడ్డకు అందే పాలతో తూచినప్పుడు కొన్ని నెలల జుట్టు ఏపాటి? ఇంటిలోని పెద్దలు తల్లిని ఈ రెండింటిలో ఒకటి ఎంచుకొనుమని ఒత్తిడి చేయడం అన్యాయం.

అట్లని రాలే జుట్టునంతటినీ సహజమని వదలిపెట్టరాదు. 1948లో రోబర్టన్ అను న్యూజిలాండు వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించినాడు. ప్రసవించిన తరువాత కొందరు స్త్రీలు నీరసించి, చలికి ఓర్వలేక, జుట్టులో మార్పులతో తనవద్దకు వచ్చినారనీ, థైరాయిడు సారం ఇవ్వగా తేరుకొన్నారనీ అందులో వ్రాసినాడు. ఆ వ్యాసాన్ని చాలాకాలం ఎక్కువమంది పట్టించుకొనలేదు. 1982లో జపానుకు చెందిన అమినో, ఆయన సహచరులు బాలింతలను వరుసగా పరీక్షించి, సుమారు 5.5 శాతంమందికి ప్రసవానంతరం థైరాయిడు పనిలో తాత్కాలికమైన లోపం వస్తున్నదని చూపినారు. అనగా ఇరవైమందిలో ఒకరికి. పల్లెటూరి వైద్యుడు చెప్పిన మాట 34 సంవత్సరాలకు అంకెలలో నిలిచింది. బాలింత బడలికను, చలిని, నీరసాన్ని మన ఇండ్లలో 'పచ్చి ఒళ్ళు' అని సరిపెట్టుకొంటారు గనుక ఈ ఇరవైవ ఆమె మన దృష్టికి రాకుండా పోయే ప్రమాదమున్నది. జుట్టుతోబాటు విపరీతమైన అలసట, గుండెదడ, చలి, బరువులో మార్పు ఉన్నప్పుడు చిన్న రక్తపరీక్షతో సంగతి తేలుతుంది.

రెండవది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. కాన్పులో రక్తం పోవడం దీనికి తోడవుతుంది. ఒంటిలో ఇనుము నిలువ తగ్గడానికీ జుట్టు పలుచబడడానికీ గల సంబంధాన్ని వైద్యులు 1960ల నుండి చర్చిస్తూనే ఉన్నారు. అది ఏకాభిప్రాయానికి రాలేదు. కాని జుట్టు మాట అట్లుంచినా రక్తహీనతకు చికిత్స అవసరమే. ప్రసవించిన తరువాత 180 రోజులు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడవలెనని మన దేశపు కార్యక్రమంలో ఉన్నది. బిడ్డ పుట్టగానే మాత్రలు మానివేసి, ఆకుకూరలూ పప్పూ 'వాతం' అని తీసివేసి, కారప్పొడి మెతుకులతో నెలలు గడిపించే పథ్యం ఇంకా కొన్ని ఇండ్లలో సాగుతున్నది. సరిగా తినవలసిన నెలలు ఇవే.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనే మాట ఒకటి ఉన్నది. బిడ్డ పుట్టు వెంట్రుకలు తీయించడానికి తిరుపతి వెళ్ళినప్పుడు తల్లి కూడ తలనీలాలు ఇవ్వడం కద్దు. మ్రొక్కుబడి వేరు, దానిని గూర్చి శాస్త్రం చెప్పేదేమీ లేదు. ఒత్తుగా మొలవడం సంగతి మాత్రం 1928లోనే పరీక్షకు వచ్చింది. డాయిజీ పనిచేసిన ఆ సెయింట్ లూయిస్ నగరంలోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అను శరీరశాస్త్రవేత్త, క్షౌరం వల్ల వెంట్రుక లావుగాని పెరిగే వేగంగాని మారదని కొలిచి చూపింది. కోసిన కొన మొండిగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అన్నీ ఒకే ఎత్తున లేస్తాయి. అందుచేత ఒత్తుగా తోస్తుంది. రోమకూపం చర్మం లోపల ఉన్నది, మంగలి కత్తి బయట నడుస్తుంది.

నూనెలు, లేపనాల సంగతి ఎక్కువగా చెప్పనక్కరలేదు. వానిని మొదలుపెట్టేది జుట్టు మిక్కిలిగా రాలుతున్నప్పుడు. ఆ తరువాత దానంతట అదే తగ్గవలసిన కాలం వస్తుంది. పేరు సీసాకు దక్కుతుంది. ఇక్కడ కూడ ఆ మూడు నెలల ఎడమే వ్యాపారికి పెట్టుబడి. నూనె రాచుకొనడంలో తప్పు లేదు. జుట్టును బిగించి లాగి జడ వేయకుండా, తడితలను చిక్కుదీయకుండా ఉంటే చాలును. బయోటిన్ మాత్రలను గూర్చి మాత్రం ఒక హెచ్చరిక. ఆ విటమిన్ లోపం సామాన్యంగా రాదు. పైగా పెద్ద మోతాదులో వాడితే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయని 2017లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. వానిలో థైరాయిడు పరీక్షలు కూడ ఉన్నవి. జుట్టుకోసం మాత్ర మింగినందువల్ల, జుట్టు రాలడానికి అసలు కారణం చెప్పగల పరీక్షే చెడిపోవచ్చును! మాత్రలు వాడుతున్నట్లు వైద్యునకు ముందుగా చెప్పవలెను.

సాధారణంగా ఈ రాలుడు బిడ్డకు ఏడాది నిండేలోగా తగ్గిపోతుంది. ఏడాది దాటినా తగ్గకున్నా, అంతటా సమంగా పలుచబడక గుండ్రని మచ్చలుగా ఊడుతున్నా, పాపిట దగ్గర నానాటికీ వెడల్పవుతున్నా అది వేరే సంగతి కావచ్చు, చర్మవైద్యునకు చూపవలెను. రాలడం ఆగినంత మాత్రాన జడ మునుపటివలె కాదన్నది కూడ తల్లికి ముందే చెప్పాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుముదాకా జడ ఉన్న తల్లికి, రాలినదాని చోట వచ్చిన వెంట్రుక ఆ పొడుగు అందుకొనడానికి నాలుగైదేండ్లు పడుతుంది. ఆలోగా బిడ్డ బడికి పోతూ ఉంటుంది.

ఉన్నత పాఠశాలలో దీనిని చూపించడం కష్టం కాదు. ఎవరి దువ్వెననుండి అయినా రాలిన వెంట్రుకలను నాలుగు తెచ్చి, నల్లని కాగితంమీద పరచి, భూతద్దంతో కొనలు చూడమనండి. చాలావానికి ఒక కొనన తెల్లని చిన్న గుండు కనబడుతుంది. అదే వాన్ స్కాట్ లెక్కించిన గద. దానిని చూచి కుదురుతో సహా ఊడివచ్చినదని చాలామంది హడలిపోతారు. నిజానికి అది పని ముగించుకొన్న వెంట్రుక గుర్తు, కూపం తలలోనే ఉన్నది. గుండు లేని వెంట్రుకలు మధ్యలో తెగినవి. ఇక ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డను ఎత్తుకొన్న తల్లి నుదుటిపైన, ఎంత నూనె రాచినా అణగక నిక్కి ఉండే పొట్టి వెంట్రుకలను ఆమె అనుమతితో స్కేలు పెట్టి కొలవండి. నాలుగు సెంటీమీటర్లున్నవనుకొందము. నాలుగు నెలల క్రిందట మొలిచినవన్నమాట. అనగా బిడ్డ నాల్గవ అయిదవ నెలలో, ఆమె చిక్కు ఉండలు చూచి దిగులుపడుతున్న రోజులలోనే, అవి లోపలినుండి బయలుదేరినవి.